ఊడ్పుచేలో అత్తగారు

“ఉపవాస ప్రార్థనకని చెప్పి ఊడ్పులకెళ్ళేవా అమ్మా?”

దేవదానం రెండోసారి అడిగాడు. మొదటిసారి అడిగినప్పుడు అతని గొంతు వణికింది. ఈసారి వణకలేదు. అందుకే అతని భార్య సువర్ణకి భయం వేసింది.

ఎలీసమ్మ వసారాలో పీట మీద కూచుని చేటలో బియ్యం ఏరుతోంది. పొద్దున్నే ఏరి పెట్టిన బియ్యమే అవి. వాటినే మళ్ళీ ఏరుతోంది.

బల్ల మీద పేపరు తెరిచి ఉంది. జిల్లా పేజీలో, ధాన్యం రేట్లకి పైన, అరచేయంత ఫోటో. అప్పుడే వాన వెలిసిన చేను, బురదనీళ్ళు, చేతిలో నారుకట్టతో నడుం వంచిన ఒక ఆడమనిషి. ముఖం కనపడదు. చీరచెంగు తల చుట్టూ బిగించి ఉంది. వంగిన వీపు మీద మాత్రం మబ్బు సందులోంచి పడ్డ వెలుగు తడితడిగా మెరుస్తోంది. ‘అమలాపురంలో ఛాయాచిత్ర ప్రదర్శన. కొత్తపేటకు చెందిన శ్రీమతి సువర్ణ తీసిన ఊడ్పు చిత్రానికి ప్రథమ బహుమతి’ అని కింద రాసి ఉంది.

పొద్దున్న ఆ వార్త చూసినప్పటి నుంచీ సువర్ణ కాళ్ళు నేల మీద ఆనలేదు. సాయంత్రం స్కూలు నుంచి మొగుడు మిఠాయి పొట్లంతో వస్తాడనుకుంది. వచ్చాడు, చంకలో ఈ పేపరు మడిచి పెట్టుకుని.

“మాట్లాడవేం?”

“నేనేం మాట్లాడను నాయనా? అన్నీ నువ్వే మాట్లాడేస్తున్నావు కదా.”

సువర్ణ ఉండబట్టలేకపోయింది. “మొహం కనపట్టం లేదు కదండీ. ఎవరో అనుకుంటారు. అత్తయ్యగారని మీకెలా తెలిసింది?”

దేవదానం మెల్లగా ఆమె వైపు తిరిగాడు.

“అంటే, తీసేటప్పుడే నీకు తెలుసన్నమాట.”

సువర్ణ నాలిక కరుచుకుంది. చేటలో బియ్యం కదలడం ఆగిపోయింది. అత్తా కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

“స్టాఫ్‌రూములో అందరూ చూసేరు,” అన్నాడతను కుర్చీలో కూలబడుతూ. “లెక్కల మాస్టారు నా భుజం తట్టి, ‘మీ ఆవిడ ఎవరో కూలిమనిషిని ఎంత బాగా తీసేరండీ’ అన్నారు. ‘ఆయ్’ అన్నాను. మా అమ్మండీ అని అనలేకపోయేను. ‘ఆయ్’ అన్నాను సువర్ణా! నోట్లోంచి అదే వచ్చింది.”

పెరట్లో కోళ్ళు గూట్లోకి చేరుతూ కొట్టుకుంటున్నాయి.

“ఎలా తెలిసిందంటావా?” అన్నాడు కాసేపటికి. “మా అమ్మ నడుం నాకు తెలీదా? చిన్నప్పుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా గట్టు మీద కూచుని నేను చూసింది ఆ నడుమే కదా. మొహం ఎప్పుడు కనపడేది? అన్నానికి గట్టెక్కినప్పుడు కనపడేది. మళ్ళీ చేలో దిగితే నడుమే. పదిమంది వంగుంటే అందులో మా అమ్మ ఎవరో చెప్పగలిగేవాణ్ణి నేను.”

ఆ మాటకి ఎలీసమ్మ తలెత్తింది.

“ఆ నడుం పైకెత్తాలనే చదివేను,” అన్నాడు దేవదానం తల్లితో. “ఉద్యోగం వచ్చిన రోజున ఏమన్నాను? ఇంక చేలో దిగొద్దన్నానా లేదా?”

“అన్నావు.”

“సరేనన్నావా?”

“అన్నాను. కాలు నిలవలేదు నాయనా.” ఎలీసమ్మ చేట పక్కన పెట్టింది. “వాన పడి చేలో నీళ్ళు నిలబడి, నారు పోసిన ఆకుమడి అంత పచ్చగా కనపడుతూ ఉంటే ఇంట్లో కూచోవడం నావల్ల కాదు. కూలికెళ్ళేననుకున్నావా? ఊడ్పులు మొదలెట్టిన రోజు ఒక్కరోజు వెళ్తాను. మావాళ్ళందరూ ఉంటారు. ఒకళ్ళు పాటెత్తుకుంటే అందరూ అందుకుంటారు. ఆ పూట నా వొంట్లో ఏ నొప్పీ ఉండదు. సుబ్బరాజు గారు కూడా చూసి నవ్వి ఊరుకుంటారు.”

“సుబ్బరాజు గారికి తెలుసా!”

“వారి చేలోనే కదా దిగింది.”

“అయితే నాకు తప్ప ఊరందరికీ తెలుసన్నమాట!”

సువర్ణకి నవ్వొచ్చింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దేవదానం అది చూశాడు. చూసి ఇంకా మండిపడ్డాడు.

“రేపే ఆ ఫోటో అక్కణ్ణుంచి దించెయ్యమను. బహుమతీ వద్దు, ఏమీ వద్దు.”

సువర్ణ నవ్వు అక్కడే చచ్చిపోయింది.

ఫోటో తీసిన రోజు సువర్ణ కెమెరాతో కాలవగట్టు మీద నిలబడి ఉంది. వాన అప్పుడే వెలిసింది. పడమటి మబ్బు కింద సన్నటి సందు దొరికి, వెలుగు నీళ్ళ మీద వాలుగా పాకుతోంది. ‘ముందు వెలుగు ఎటునుంచి వస్తోందో చూసుకో, అప్పుడు మనిషి కోసం ఆగు’ అని నేర్పిన తండ్రి రాజోలులో స్టూడియో నడిపి, ఆ కెమెరా కూతురి చేతికిచ్చి కన్నుమూశాడు. ఆ మాట తలుచుకుంటూనే ఆమె ఆగింది. వరసలో ఒక మనిషి వంగింది. ఆ వంగడంలో తొందర లేదు, బరువూ లేదు. దణ్ణం పెడుతున్నట్టుంది. బొటనవేలితో నారు బురదలోకి దింపిన ఆ చెయ్యి ఎవరిదో సువర్ణకి అప్పుడే తెలిసింది. ఒక్కసారే నొక్కింది.

సాయంత్రం అత్తగారు శుభ్రంగా కాళ్ళు కడుక్కుని, సంచీలో బైబిలుతో ఇంటికొచ్చి, “ప్రార్థన బాగా జరిగిందమ్మా,” అంది.

“ఆయ్ అత్తయ్యగారూ,” అంది సువర్ణ.

ఆ తరవాత డార్క్‌రూములో ఎర్రబల్బు కింద, ట్రేలోని తెల్లకాగితం మీద ఆ వీపు మెల్లగా పైకి తేలుతుంటే ఊపిరి బిగబట్టి చూసింది. తీయడం తప్పనిపించలేదు. అడక్కుండా అమలాపురం పంపడం మాత్రం తప్పే. అడిగితే వద్దంటారేమోనన్న భయంతోనే అడగలేదు.

“ఏదీ, ఇలా తే,” అంది ఎలీసమ్మ హఠాత్తుగా.

సువర్ణ పేపరు అందించింది. ఎలీసమ్మ దాన్ని దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టి చూసింది.

“నల్లగా మసి మరకలా ఉంది. దీనికేనా ఇంత గొడవ?”

“పేపర్లో సరిగా పడలేదండీ. అసలుది అమలాపురంలో ఉంది.”

“ఎంతుంటుంది?”

“ఆ కిటికీ అంత పెద్దది చేయించి పెట్టేరు.”

ఎలీసమ్మ కిటికీ వైపు చూసింది. తరవాత కొడుకు వైపు చూసింది.

“దించేద్దురు గాని. ముందు నేను చూస్తాను. నా నడుమే కదా.”

* * *

మర్నాడు రెండో శనివారం. స్కూలు లేదు. బస్సులో దేవదానం వీళ్ళతో కూచోకుండా ముందు సీట్లో కూచున్నాడు. రానని అనలేదు, వస్తాననీ అనలేదు. చొక్కా వేసుకుని బయల్దేరాడంతే.

బస్సు కాలవ వెంబడి పోతోంది. ఎలీసమ్మ పెట్టెలోంచి తీసిన మంచి చీర కట్టుకుంది. కోడలితో మాత్రం రాత్రి నుంచీ ఒక్క మాటా లేదు. కిటికీలోంచి చేలవైపే చూస్తోంది.

సువర్ణ ఆవిడ చేతులు చూస్తూ కూచుంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో, కొబ్బరికాయలు పోసుకునే గదిని డార్క్‌రూము చేసుకుంటానంటే చుట్టాలందరూ బుగ్గలు నొక్కుకున్నారు. “కోడలికి చీకటిగదిలో ఏం పనే ఎలీసమ్మా?” అని అడిగారు. “ఆ పిల్ల చేతిలో ఏదో ఉంది. అదేంటో నాకు తెలీదు. తెలీదు కాబట్టే అడ్డం చెప్పను,” అంది అత్తగారు. ఫోటోలు కడగడానికి బిందెల కొద్దీ నీళ్ళు కావాలి. నుయ్యి వీధి చివర ఉంది. అడక్కుండానే ఆవిడ బిందె మీద బిందె మోసుకొచ్చి గది బయట పెట్టి, తలుపు మీద తట్టి వెళ్ళిపోయేది. తట్టేదే గానీ ఎప్పుడూ తలుపు తోసేది కాదు. వెలుగు పడితే కోడలి పని పాడవుతుందని ఎవరు చెప్పారో!

ఆవిడ మోసిన నీళ్ళతోనే ఆవిడ బొమ్మా తేలింది. ఆ సంగతి సువర్ణకి ఇప్పుడే తట్టింది.

“అత్తయ్యగారూ, నేను అడిగి పంపాల్సింది,” అంది మెల్లగా.

ఎలీసమ్మ తల తిప్పలేదు. “ముందు చూడనీ,” అంది.

* * *

ప్రదర్శన ఒక పెళ్ళిమండపంలో పెట్టారు. గుమ్మానికి మామిడి తోరణం కట్టారు. గోడల పొడుగునా బొమ్మలే. ఇసక తిన్నెల మీద వలలు, కొబ్బరిచెట్టు మీద కాయలు దింపే కార్మికుడు, గోదారి దాటించే పంటు మీద నిద్రపోతున్న పిల్ల. ఎలీసమ్మ ఒక్కోదాని ముందూ ఆగి, “బాగుంది... బాగుంది...” అంటూ నడిచింది. ఎగ్జిబిషన్ పెద్ద శ్రీరామచంద్రమూర్తి గారు దూరం నుంచే సువర్ణని చూసి చెయ్యి ఊపారు.

చివరి గోడ మీద, పక్కన వేరే ఏ ఫోటో లేకుండా, ఊడ్పు చిత్రం వేలాడుతోంది.

ఎలీసమ్మ ఆగిపోయింది.

మనుషులు వస్తున్నారు, చూసి వెళ్తున్నారు. ఒకాయన ఆవిణ్ణి తప్పుకోమని అడగబోయి, ఏమనుకున్నాడో, తనే తప్పుకుని వెళ్ళాడు. ఎలీసమ్మ కదల్లేదు. సువర్ణకి ఆవిడ మొహం చూడ్డానికి ధైర్యం చాల్లేదు. ఫోటో వైపు చూసింది, నేల వైపు చూసింది.

“ఇది నేను కాదే,” అంది ఎలీసమ్మ.

“మీరేనండి అత్తయ్యగారూ. ఆ రోజు మీరే...”

“నేను కాదు. మా అమ్మ.”

కాస్త వెనక నిలబడ్డ దేవదానం ఒక అడుగు ముందుకేశాడు.

“నా చిన్నతనంలోనే పోయింది,” అంది ఎలీసమ్మ, ఫోటో మీంచి చూపు తిప్పకుండా. “పొటో లేదు. ఆ రోజుల్లో మాకు పొటో ఎవరు తీస్తారు? మొహం మర్చిపోయేను. ఎంత గుర్తు తెచ్చుకుందామన్నా రాలేదు. ప్రార్థన చేసుకునేదాన్ని, ఒక్కసారి కల్లోనైనా చూపించు తండ్రీ అని. రాలేదు. నేను కూడా గట్టు మీద కూచునేదాన్ని కదా. ఇదే చూసేదాన్ని. ఈ వంగడమే. ఇది మా అమ్మే.”

చెయ్యి చాపి అద్దం మీద ఆ వీపు దగ్గర వేళ్ళు ఆనించింది. తాకొద్దని రాసిన బోర్డు పక్కనే ఉంది.

దేవదానం కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

“నేను దించెయ్యమన్నాను కదమ్మా,” అన్నాడు.

“అన్నావు.”

“వద్దులే.”

ఎలీసమ్మ నవ్వింది. ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. కోడలి రెండు చేతులూ పట్టుకుని కళ్ళకి అద్దుకుంది. సువర్ణ కంగారుగా వెనక్కి లాక్కోబోయింది గానీ ఆవిడ వదల్లేదు.

“ఎన్నాళ్ళకి చూపించేవే తల్లీ! నీ కడుపు చల్లగుండ.”

“అడక్కుండా తీసేను అత్తయ్యగారూ.”

“అడిగితే కర్రలా నిలబడేదాన్ని. పెళ్ళి పొటోలో చూడు, మొహం బిగేసుకుని దొంగలా ఉంటాను. తీసేటప్పుడు అడక్కపోవడమే మంచిదైంది.” ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుంది. “పంపేటప్పుడు మాత్రం ఓ మాట అడుగు. ఇంకెప్పుడైనా సరే, ఎవరిదైనా సరే.”

“అడుగుతానండి,” అంది సువర్ణ. ఆ మాట ఆవిడకే కాదు, రాజోలు స్టూడియోలో నల్లగుడ్డ కింద తలపెట్టి నవ్వే తండ్రికి కూడా చెప్పినట్టనిపించింది. వెలుగు దొరికిందని, మంచి చూపు ఉందని ఇన్నాళ్ళూ లోలోపల కాస్త గర్వపడింది. తల్లిని చూస్తూ ఒక పిల్ల, ఆ పిల్ల పెద్దదై తల్లయితే ఆవిణ్ణి చూస్తూ ఒక పిల్లాడు, ఆ గట్టు మీద తనకంటే ముందే కూచున్నారు. తను కెమెరా పట్టుకుని వాళ్ళ వెనక వచ్చి నిలబడిందంతే. అలా అనుకుంటే చిన్నతనం అనిపించలేదు. దేవుడా, నన్ను ఇక్కడికి తెచ్చేవు అనిపించింది.

శ్రీరామచంద్రమూర్తి గారు దగ్గరికి వచ్చారు. మెళ్ళో రెండు కెమెరాలు, చెవి మీద పెన్ను.

“సువర్ణమ్మా, మంచి కబురు. దీన్ని హైదరాబాదు ప్రదర్శనకి పంపుదామని మావాళ్ళంతా ఒప్పుకున్నారు. సోమవారం బయల్దేరుతున్నానండి. ఒక్క విషయం. ‘ఊడ్పు’ అని పేరు పెట్టేరు, బాగానే ఉంది. కానీ కింద ఆ మనిషి పేరు కూడా వేస్తే నిండుగా ఉంటుందండి. ఆవిడెవరో తెలుసాండీ మీకు?”

సువర్ణ నోరు తెరిచేలోగా దేవదానం ముందుకొచ్చాడు.

“మా అమ్మగారండి,” అన్నాడు. గొంతు పెద్దగా వచ్చింది. చుట్టూ ఉన్న నలుగురూ తిరిగి చూశారు. “నేను హైస్కూల్లో తెలుగు చెప్తానండి. ఈవిడ మా అమ్మగారు. మొన్న ఊడ్పుల్లో తీసిన ఫోటో ఇది.”

మూర్తి గారు ఫోటో వైపు చూసి, ఎలీసమ్మ వైపు చూసి, రెండు చేతులూ జోడించారు. “అదృష్టం తల్లీ. పేరు చెప్పండి, రాసుకుంటాను.”

“నా పేరొద్దు బాబూ,” అంది ఎలీసమ్మ. “మా అమ్మ పేరు వెయ్యండి.”

“అలాగేనమ్మా. చెప్పండి.”

ఎలీసమ్మ నోరు తెరిచింది.

మూర్తి గారు పెన్ను పట్టుకుని ఎదురు చూస్తున్నారు. ఆవిడ పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. చూపు ఫోటో మీదికి వెళ్ళింది, అక్కణ్ణుంచి పైకప్పు మీదికి వెళ్ళింది.

“అమ్మ...” అంది. “అమ్మనే అనేదాన్ని. మా నాన్న ‘ఏమే’ అనేవోడు. ఊళ్ళో ‘సత్యం పెళ్ళాం’ అనేవోరు. పేరు... పేరెట్టి ఎవరూ పిలవలేదే!”

మూర్తి గారు పెన్ను మూసి మళ్ళీ చెవి మీద పెట్టుకున్నారు. “సోమవారం దాకా టైముందిలెండమ్మా. నెమ్మదిగా గుర్తు చేసుకోండి,” అని పక్కకి వెళ్ళిపోయారు.

“తెలిసినవాళ్ళెవరూ లేరా అమ్మా?” అని అడిగాడు దేవదానం.

ఎలీసమ్మ మళ్ళీ ఫోటో వైపు తిరిగింది.

“ఒకళ్ళకి తెలుసు. అల్లవరంలో మా పిన్ని, అమ్మ చెల్లెలు. అమ్మాజీ. బతికుంటే.”

ఇన్నేళ్ళ కాపురంలో సువర్ణ ఆ పేరు వినలేదు. దేవదానం కూడా వినలేదని అతని మొహమే చెబుతోంది.

“మనకి అల్లవరంలో చుట్టాలున్నారా?”

“ఉన్నారు. నేనే లేరనుకున్నాను.”

* * *

అమలాపురం బస్టాండులో కొత్తపేట బస్సూ అల్లవరం బస్సూ పక్కపక్కనే ఉన్నాయి. దేవదానం అల్లవరం బస్సు వైపు నడిచాడు. ఎలీసమ్మ రెండు బస్సులకీ మధ్య ఆగిపోయింది.

“ఆ గుమ్మం తొక్కనని ఒట్టేసుకున్నాను,” అంది.

“ఎందుకండీ?” అని అడిగింది సువర్ణ.

“అమ్మ పోయేక పెంచింది ఆవిడే. ముద్ద కలిపి పెట్టింది, తల దువ్వింది. లేదనను. నేను మీ మావయ్యని చేసుకుంటానంటే ఒప్పుకోలేదు. చేసుకున్నాను. గుమ్మం దిగుతుంటే ఒక మాటంది. ‘మీ అమ్మే ఉంటే ఇవాళ నీ మొహం చూసేది కాదే’ అంది.” ఎలీసమ్మ అల్లవరం బస్సు వైపు చూసింది. “ఇంకే మాటన్నా పడేదాన్ని. మొహమే గుర్తులేని దాని దగ్గర ఆ మాట అనొచ్చా?”

సువర్ణ ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

అల్లవరం బస్సు స్టార్టు చేశారు. కండక్టరు తలుపులోంచి బయటికి వంగి, “అల్లవరం! అల్లవరం! వచ్చేవాళ్ళు రండమ్మా!” అని కేకేశాడు.

ఎలీసమ్మ ముందుకి నడిచింది. కడ్డీ పట్టుకుని ఒక కాలు మెట్టు మీద పెట్టింది. రెండో కాలు నేల మీదే ఉండిపోయింది.

“తలుపు తీస్తుందంటావా?” అని అడిగింది కొడుకుని. ఆ అడగడంలో ఆవిడ పెద్దావిడలా లేదు. ఎక్కడో చిన్నపిల్ల అడిగినట్టుంది.

“టిక్కెట్లు రెండా, మూడాండీ?” అన్నాడు కండక్టరు.

దేవదానం జేబులోంచి డబ్బులు తీశాడు. తల్లి మొహం వైపే చూస్తూ నిలబడ్డాడు.